సందులో కాదు, కౌంటర్లో

ఆత్మకూరు నుంచి ఏఎస్ పేట చిల్లర అంగళ్ళకు వెళ్ళాల్సిన సరుకును పొద్దున్నే కట్టి ఆటో ఎక్కించాలి. విజయదుర్గ కౌంటరు వెనక నేల మీద కూర్చుని, అట్టపెట్టెలో కందిపప్పు పొట్లాలు పేర్చి, మిగిలిన ఖాళీల్లో అగ్గిపెట్టెల కట్టలు దూర్చి, మూత మడిచి పురికొసతో అడ్డంగా, నిలువుగా బిగించి కడుతోంది. ముడి వేసి, కొసను పంటితో కొరికి తల ఎత్తేసరికి మెట్టు కింద ఒక మనిషి నిలబడి ఉంది. కాళ్ళ నిండా దుమ్ము, చంకలో మడిచిపెట్టిన ఖాళీ సంచి. సరుకులకు వచ్చినవాళ్ళు ముందు మూటల వైపు చూస్తారు. ఈమె మనుషుల వైపు చూస్తోంది.

"ఏం కావాలమ్మా?" అంది విజయదుర్గ.

"సరుకులొద్దు. విజయదుర్గమ్మ అంటే ఎవరు?"

"నేనే."

ఆమె విజయదుర్గను పైనుంచి కిందికి చూసింది. పప్పు దుమ్ము అంటిన చీర, నడుముకు దోపిన కొంగు, వేళ్ళకు చుట్టుకున్న పురికొస. ఇంకెవరినో ఊహించుకుని వచ్చిన మనిషిలా కాసేపు తటపటాయించింది.

"బస్టాండు కాడ దుర్గా బారు మీదేనంట గదా. నేను ఆదెయ్య పెండ్లాన్ని. దేవకమ్మ నా పేరు. ఉదయగిరి కొండ కింద మా ఊరు. నిన్న సాయంత్రం మా ఆయన్ని ఎక్సైజు వాళ్ళు పట్టుకొనిపొయినారు."

ఆదెయ్యను విజయదుర్గ ఎరుగును. బార్లో కౌంటరు మీద కూర్చునే మనిషి. పొద్దున్నే బారులో ఖాళీ అయిన అట్టపెట్టెలు తాడుతో కట్టి తెచ్చి అంగడి మెట్టు మీద పెట్టి, "పెట్టెలమ్మా" అని ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయేవాడు. ఈరోజు రాలేదు. ఎందుకు రాలేదని ఆమె అనుకోను కూడా లేదు, నిన్నటి పెట్టెలు మిగిలి ఉండటంతో.

"ఎందుకు పట్టుకున్నారు?"

"లైసెన్సు అయిపొయినాక అమ్మినాడంట. అమ్మినాడు, నిజమే. అమ్మమంటే అమ్మినాడు. కానీ వాళ్ళు రాసింది అది కాదమ్మా. బస్టాండు వెనక సందులో సంచీలో సీసాలు పెట్టుకుని దొంగతనంగా అమ్ముతుంటే పట్టుకున్నామని రాసినారు. కౌంటర్లోంచి లేపి తీసకపొయిన మనిషి సందులోకి ఎట్టా వచ్చినాడు?"

బారు మూసేశామని భర్త బాలాజీ ఇంట్లో చెప్పి చాలా రోజులైంది. ఆగస్టుతో గడువు తీరిపోయింది, ఇక ఆ తలనొప్పి లేదు అన్నాడు. అయినా పెట్టెలు వస్తూనే ఉన్నాయి. ఆమె చేతి కింద ఉన్న పెట్టె కొత్తది. టేపు జిగురు ఇంకా వేలికి అంటుతోంది.

"స్టేషన్లో అడిగితే, ఆ బారు మూసేసినారు, దానికీ మీ ఆయనకీ సంబంధం లేదు పో అన్నారు. బారు ఎదురుగా టీ అంగడి ఆయన చెప్పినాడు, బారు విజయదుర్గ పేరు మీద ఉండాది, పొయి ఆమెను అడుగు అని."

"మా ఆయన నెల్లూరు పొయినాడు. మధ్యాహ్నానికి వస్తాడు. అడిగి చెప్తాలే."

"మీ ఆయన్ని అడగను రాలా," అంది దేవకమ్మ. ఇంతసేపూ ఉన్న 'మీరు' ఆమె నోట్లోంచి జారిపోయింది. "నిన్ను అడగను వచ్చినా. పేరు నీది గదా."

లోపల మిరపకాయల మూట దించుతున్న పెంచలనరసయ్య తల తిప్పి చూశాడు. అతను ఆ అంగడిలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. చూసి, మళ్ళీ మూట వైపు తిరిగాడు. దేవకమ్మ చంకలోని సంచి సర్దుకుని బస్టాండు వైపు నడిచింది.

బాలాజీ భోజనానికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అతని తల్లి వరలక్ష్మమ్మ విస్తరి ముందు మంచినీళ్ళు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. మోకాళ్ళ నొప్పులు వచ్చినప్పటి నుంచీ ఆమె వడ్డించడం మానేసినా, కొడుకు తింటుంటే పక్కన కూర్చోవడం మానలేదు.

"బారు మూసేసినామన్నారు గదా," అంది విజయదుర్గ అన్నం పెడుతూ.

"మూసినాం."

"మరి పెట్టెలు యాడినుంచి వస్తుండాయి?"

బాలాజీ తల ఎత్తి భార్యను చూశాడు. కోపం రాలేదు అతనికి. ఎవరో చెప్పి ఉంటారని అర్థమైంది.

"ఆదెయ్య పెండ్లాం వచ్చిందా అంగట్లోకి? నాకు ఫోను చెయ్యాల్సింది. ఏం లేదు. కొత్త లైసెన్సుకు ఫీజు తగ్గిస్తారని అంటుండారు. తగ్గినాక తీసుకుందాంలే అనుకున్నా. అందాకా తలుపు మూసుకుని కూర్చుంటే గిరాకీ అంతా పక్కోడి కాడికి పోతాది. పక్క షట్టరు ఎత్తి అమ్మిస్తా ఉండా. ఎవడో కడుపుమంటతో ఫిర్యాదు పెట్టినాడు. వాళ్ళు ఏదో ఒక కేసు చూపియ్యాల గదా. చూపిచ్చినారు."

"ఆదెయ్యకు తెలుసా లైసెన్సు లేదని?"

"అడిగినాడు ఒకసారి. వచ్చేసింది, నెల్లూరులో ఉండాది, తెస్తా అని చెప్పినా." అతను చారు కలుపుకుంటూ అన్నాడు ఆ మాట. ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా అన్నాడు.

"ఆయన్ని పట్టుకునింది యాడ?"

బాలాజీ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు. "సందులో."

"కౌంటర్లో నుంచి లేపి తీసకపొయినారంట గదా."

"నీకు చెప్తే అర్థం కాదు. బార్లో పట్టుకున్నామని రాస్తే ఓనరు పేరు రాయాల. ఓనరు నువ్వు. కిరాణా అంగడి నీ పేరు మీద ఉండాది, గోడౌను నీ పేరు మీద ఉండాది. నీ మీద కేసు పడిందంటే అన్నిటికీ తిప్పలే. రేపు కొత్త లైసెన్సు కూడా రాదు. అదే ఆదెయ్య అనుకో, వాడికేముంది? కొన్నాళ్ళు లోపల ఉండి వస్తాడు. వాడి ఇంటికి కావాల్సింది మనం చూస్తాం."

వాడికేముంది. ఆ మాట విజయదుర్గ చెవిలో గుచ్చుకుంది. పొద్దున మెట్టు కింద నిలబడిన మనిషి కాళ్ళ మీది దుమ్ము కళ్ళ ముందు మెదిలింది. "అట్టా ఎట్టా అంటారు? చెయ్యమని చెప్పింది మీరు, సీసాలు తెచ్చింది మీరు, అబద్ధం చెప్పి కూర్చోబెట్టింది మీరు..."

"తిననీ దుర్గా," అంది వరలక్ష్మమ్మ. "అన్నం కాడ ఎందుకు ఇదంతా."

విజయదుర్గ నోరు మూసుకుంది. గరిటె గిన్నెలో పెట్టిన చప్పుడు మాత్రం కొంచెం గట్టిగానే వినిపించింది.

బాలాజీ చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ మెత్తగా చెప్పాడు. "వాడు మొండికేసి కూర్చున్నాడు. సందులో అమ్మినానని ఒక్క మాట ఒప్పుకుంటే పని అయిపోతాది. వాడి పెండ్లానికి నువ్వు చెప్తే వింటాది. ఆడమనిషివి. రేపు ఉదయగిరి బస్సెక్కి పొయిరా. కొంచెం సరుకులు కూడా తీసకపో, ఉత్త చేతుల్తో వద్దు."

మర్నాడు సరుకుల సంచి కట్టింది వరలక్ష్మమ్మే. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్లు. చివర్లో బెల్లం దిమ్మ ఒకటి కాగితంలో చుట్టి పైన పెట్టింది. "పిల్లలుంటారేమో," అంది.

ఉదయగిరిలో బస్సు దిగి, ఆటోలో కొండ కింది ఊరికి చేరేసరికి ఎండ ముదిరింది. ఆదెయ్య ఇల్లు ఎవరిని అడిగినా చెప్పారు. చెప్పిన తీరు మాత్రం ఆమెకు నచ్చలేదు. "ఆ దొంగసారా ఆదెయ్యనా?" అన్నాడొకడు, నవ్వుతూ.

ఇంటి పక్కన తుమ్మకంప కట్టిన దొడ్డి. దేవకమ్మ ఒక మేకను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దాని ముందుకాలు ఎత్తి గిట్ట సందులో చూస్తోంది. దొడ్డి అవతల ముసలాయన ఒకడు నరికి తెచ్చిన కొమ్మల్ని గోడకు వేలాడదీస్తున్నాడు. మేకపిల్లలు గంపల కింద అరుస్తున్నాయి.

విజయదుర్గను చూసి దేవకమ్మ లేవలేదు. "వచ్చినావు గదా, ఆ కొమ్ములు కొంచెం పట్టుకో. కుదురుగా ఉండనీదు ఇది," అంది.

విజయదుర్గ సంచి పక్కన పెట్టి, కొంగు దోపుకుని, మేక కొమ్ములు రెండూ పట్టుకుంది. వెచ్చగా, గరుకుగా ఉన్నాయి. మేక తల విదిలిస్తే ఆమె రెండడుగులు ముందుకు తూలి, మళ్ళీ నిలదొక్కుకుంది. దేవకమ్మ చిన్న కత్తి మొనతో గిట్ట సందులోని ముల్లును పెకలించి, చీము పిండి, వేపనూనెలో ముంచిన గుడ్డపేలిక కట్టింది.

"జైలుకు పొయి చూసొచ్చినా," అంది దేవకమ్మ కత్తి తుడుస్తూ. "మీ ఆయన పంపిన మనిషి ఒకడు పొయి, సందులో అమ్మినానని ఒప్పుకో, బయట పడేస్తాం అన్నాడంట. ఈయన ఒప్పుకోలా. 'నేను అమ్మింది నిజం. కౌంటర్లో కూర్చుని అమ్మినా. అట్టా రాయండి, సంతకం పెడతా' అన్నాడంట. చెంప ఇక్కడ వాచి ఉండాది. ఎవరు కొట్టినారంటే చెప్పలా."

కొమ్మలు కట్టడం ఆపి ముసలాయన ఇటు వచ్చాడు. ఆదెయ్య తండ్రి గోవిందయ్య. "బార్లో పనికి పోతానంటే నేను వాడితో కొన్నాళ్ళు మాట్లాడలేదమ్మా. వాడేమన్నాడో తెలుసా? 'సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉండాది నాయనా, దొంగ పని కాదు' అన్నాడు. ఇప్పుడు ఊరంతా దొంగ అంటుండారు. కోత కోసిన చేలల్లో ఎన్నేళ్ళ నుంచో జీవాల్ని మేపుకుంటుండాము. నిన్న ఒకాయన కర్ర తీసుకుని తోలినాడు. దొంగల జీవాలు మా చేన్లోకి రావొద్దన్నాడు. నేను ఆయన తండ్రి కాలం నుంచి ఆ చేన్లో మేపుతుండా."

ముసలాయన జరిగింది జరిగినట్టు చెప్పి, మళ్ళీ కొమ్మల దగ్గరికి వెళ్ళిపోయాడు. విజయదుర్గకు ఆ నిదానమే భరించడం కష్టమైంది.

"నువ్వు చెప్పను వచ్చింది చెప్పు," అంది దేవకమ్మ.

"ఒప్పుకోమని చెప్పమన్నాడు మా ఆయన."

"అది ముందే చెప్పి పంపినాడు గదా. నువ్వేమంటావు?"

విజయదుర్గ బస్సులో వచ్చినంతసేపూ చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకుంటూనే వచ్చింది. వాటిలో తనది ఒక్కటీ లేదు.

"నేను ఏమీ అనుకోకుండా వచ్చినా," అంది చివరికి.

"అయితే అనుకుని రా," అంది దేవకమ్మ. ఆ మాటలో వెటకారం లేదు. గంప ఎత్తి పిల్లల్ని తల్లుల దగ్గరికి వదులుతూ, వెనక్కి తిరక్కుండానే అంది, "నీ సంచి మర్చిపోబాక. బస్సుకు టైమయింది."

ఇంటికి వచ్చేసరికి వరలక్ష్మమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కోడలి చేతిలో సంచి వెళ్ళినట్టే తిరిగి రావడం చూసింది.

"ఆ పిల్ల ఏమనింది?"

విజయదుర్గ అంతా చెప్పింది. వాచిన చెంప సంగతి చెప్పేటప్పుడు వరలక్ష్మమ్మ వేళ్ళు చింతపండు మీద ఆగాయి. చేలోంచి జీవాల్ని తోలిన సంగతి చెప్పేటప్పుడు ఆమె కోడలి మొహం చూడకుండా గింజల వైపే చూస్తోంది.

"పొయి కాళ్ళు కడుక్కో," అంది, అంతా విన్నాక.

ఆ మర్నాడు విజయదుర్గ అంగడి తెరవలేదు. తాళాలు అత్త పక్కన పెట్టి, ఎక్సైజు స్టేషనుకు నడిచింది. సీఐ మల్లికార్జున ఆమెను గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. వాళ్ళ అంగట్లోనే నెల సరుకులు తీసుకుంటాడతను.

"ఆదెయ్య మా మనిషి సార్," అంది ఆమె కూర్చోకుండా. "బార్లో కూర్చుని అమ్మినాడు. మేము అమ్మమంటే అమ్మినాడు. బారు నాది. ఆ మాట రాసుకోండి."

మల్లికార్జున పెన్ను మూత పెట్టాడు. "మీరు ఇంటికి పోండమ్మా. బాలాజీని పంపండి, మాట్లాడతాను."

"రాసింది నా బారు సంగతి. మాట్లాడాల్సింది నేను."

"ఏ బారమ్మా?" అన్నాడతను ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "లైసెన్సు గడువు అయిపోయింది. లైసెన్సు లేనప్పుడు బారే లేదు. బారే లేనప్పుడు మీరు ఓనరు ఎట్టా అవుతారు? లేని బార్లో ఆదెయ్య ఎట్టా అమ్ముతాడు?"

విజయదుర్గకు ఒక క్షణం అతను ఏమంటున్నాడో అందలేదు. అందాక ఒళ్ళంతా వేడెక్కింది. ఆదెయ్యను జైల్లో పెట్టడానికి లైసెన్సు లేదు. తనను వదిలెయ్యడానికీ లైసెన్సు లేదు. ఒకే లేకపోవడం మనిషిని బట్టి రెండు రకాలుగా పనిచేస్తోంది.

"షట్టరు ఈపొద్దు కూడా ఎత్తే ఉండాది సార్. వచ్చేదారిలో చూసినా."

"మా దృష్టికి రాలేదు," అన్నాడతను. అని ఫోను తీసుకుని బాలాజీ నంబరు వెతకసాగాడు.

గోడ మీద ఫిర్యాదులకు నెల్లూరు ఆఫీసుకు ఫోను చెయ్యాల్సిన నంబరు పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. విజయదుర్గ ఆ నంబరును తన ఫోన్లో కొట్టి పెట్టుకుని బయటికి వచ్చింది.

బస్టాండు పక్కన దుర్గా బారు ముందు తలుపు మూసి ఉంది. పక్కనున్న షట్టరు నడుము ఎత్తుకు లేపి ఉంది. మగవాళ్ళు ఒక్కొక్కరే వంగి లోపలికి వెళ్ళి, లుంగీ మడతలో ఏదో దోపుకుని వస్తున్నారు. విజయదుర్గ రోడ్డు దాటి, షట్టరును రెండు చేతులతో పట్టుకుని పైదాకా తోసింది. తుప్పుపట్టిన చప్పుడుకు టీ అంగడి ముందున్నవాళ్ళు ఇటు తిరిగారు.

లోపల పులిసిన వాసన. బోర్లించిన కుర్చీలు, వెలగని రంగు బల్బులు. ఇనుప జాలీ వెనక కౌంటర్లో పెంచలనరసయ్య కూర్చుని ఉన్నాడు. నిన్నటిదాకా అంగడిలో మిరపకాయల మూటలు మోసిన మనిషి. ఆమెను చూసి గబుక్కున లేచాడు.

"బాలాజీ అబ్బయ్య కూర్చోమన్నాడమ్మా. లైసెన్సు వచ్చేసిందంట, రేపు తెస్తానన్నాడు."

అవే మాటలు. ఆదెయ్యకు చెప్పిన అవే మాటలు. విజయదుర్గకు బాలాజీ మీద అంతవరకూ ఏ మూలో మిగిలి ఉన్న నమ్మకం అక్కడ తెగిపోయింది.

"రాలేదు నరసయ్యా. ఆదెయ్యను తీసకపొయినట్టే నిన్నూ తీసకపోతారు. లే. అంగడికి పో. అత్త కాడ తాళాలుండాయి."

"మరి ఇక్కడ..."

"నేను కూర్చుంటా."

అతను జాలీ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. ఆమె లోపలికి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఎత్తుగా ఉంది, కాళ్ళు నేలకు సరిగ్గా ఆనలేదు. ఫోను తీసి నంబరు కలిపింది.

"నా పేరు విజయదుర్గ. ఆత్మకూరు బస్టాండు కాడ దుర్గా బారు నాది. లైసెన్సు అయిపోయింది. అయినా అమ్ముతుండాము. ఇప్పుడు కౌంటర్లో నేనే ఉండాను. మీ మనుషుల్ని పంపండి."

అవతలి అమ్మాయికి నమ్మకం కుదరలేదు. ఫిర్యాదు ఎవరి మీదమ్మా అని మళ్ళీ అడిగింది.

"నా మీదే," అంది విజయదుర్గ.

ఫోను పెట్టేసరికి జాలీ ముందు ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. డబ్బులు పట్టుకున్న చెయ్యి సగం చాచి, లోపల ఉన్నది ఎవరో చూసి వెనక్కి తీసుకోబోయాడు.

"ఏం కావాలి?"

"క్వార్టరు... పర్లేదమ్మా, మళ్ళొస్తా."

"చెప్పు. ఏది?"

అతను వేలుతో చూపించాడు. విజయదుర్గ సీసా తీసి జాలీ కిందనుంచి తోసింది. పప్పు పొట్లం తోసినట్టే తోసింది. అతను దాన్ని తీసుకుని, లుంగీలో దోపుకోవడం కూడా మరిచిపోయి, చేత్తో పట్టుకునే రోడ్డు దాటాడు. కాసేపటికి టీ అంగడి ముందు జనం పెరిగారు.

బాలాజీ బైకు స్టాండు వెయ్యకుండానే గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. మొహం నల్లబడి ఉంది.

"లే. ఇంటికి పద."

"నెల్లూరుకు ఫోను చేసినా. వస్తుండారు."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఊరంతా చూస్తుండారు. ఇంటి ఆడది బ్రాందీ కౌంటర్లో కూర్చుంటే పరువు ఉంటాదా?"

"బోర్డు మీద నా పేరు రాసినప్పటినుంచి ఈ కుర్చీలో నేనే ఉండాను. మీరే కూర్చోబెట్టినారు. కనపడలా, అంతే."

బాలాజీ షట్టరు కిందికి లాగబోయాడు. "దించబాకండి," అంది ఆమె గొంతు పెంచకుండా. "దించితే రేపు మళ్ళీ సందులో అంటారు. అందరూ చూడనీ." రోడ్డు మీద ఎవరో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నారు. బాలాజీ అది చూసి షట్టరు మీది చెయ్యి తీసేశాడు. తల దించుకుని, బైకు దగ్గరికి వెళ్ళి, ఎవరెవరికో ఫోన్లు చేస్తూ నిలబడ్డాడు. ఎవరూ ఎత్తినట్టు లేదు.

మధ్యాహ్నం దాటాక నెల్లూరు నుంచి స్క్వాడు జీపు వచ్చింది. ఆఫీసరు బక్కపల్చటి మనిషి, తక్కువ మాటలవాడు. జాలీ, సీసాలు, షట్టరు అన్నీ ఫోటోలు తీయించాడు. టీ అంగడి ఆయన్ని, క్వార్టరు కొన్నాయన్ని సాక్షులుగా పిలిపించి, పంచనామా అదే కౌంటరు మీద పెట్టి రాశాడు. ఆదెయ్య సంగతి విజయదుర్గ మొదటినుంచీ చెప్పింది. టీ అంగడి ఆయన గొంతు సవరించుకుని, "అవున్సార్, కౌంటర్లోంచే లేపి తీసకపొయినారు. నేను చూసినా" అన్నాడు. ఇన్ని రోజులు అడిగినవాడు లేడు, అందుకే చెప్పలేదన్నాడు. మల్లికార్జున వచ్చి ఒక పక్కగా నిలబడ్డాడు. అతన్ని ఎవరూ కూర్చోమనలేదు.

పొద్దు వాలకముందే అందరూ స్టేషనుకు చేరారు. పెంచలనరసయ్య ఫోను చేసి చెప్పాడేమో, దేవకమ్మ అప్పటికే వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నీ భర్త జీతానికి పనిచేసే మనిషి, ఓనర్లు చెప్పినట్టు బార్లో కూర్చుని అమ్మినాడు అని రాశాం," అన్నాడు ఆఫీసరు ఆమెతో. "కేసు మొత్తంగా పోదు. రేపు కోర్టుకు ఇది ఇస్తాం, బెయిలుకు మేం అడ్డు చెప్పం."

"సందు అని లేదు గదా?"

"లేదు."

దేవకమ్మ తల ఊపింది. లేచి వచ్చి బల్ల మీద విజయదుర్గ పక్కన కూర్చుంది.

"మిమ్మల్ని నోటీసు ఇచ్చి పంపిస్తామమ్మా," అన్నాడు ఆఫీసరు విజయదుర్గతో. "పిలిచినప్పుడు రావాలి. ఇంట్లోవాళ్ళు ఎవరైనా జామీను సంతకం పెట్టాలి. మీ ఆయన బయటే ఉన్నట్టున్నాడు, పిలవండి."

బాలాజీ గడప దాకా వచ్చి ఆగిపోయాడు. సంతకం పెడితే తన పేరు కాగితం ఎక్కుతుంది. లాయరును అడిగి వస్తానని గొణిగాడు. అతని వెనకనుంచి ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. పెంచలనరసయ్య చెయ్యి పట్టుకుని వరలక్ష్మమ్మ దిగింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఒక్కొక్క మెట్టే ఎక్కి, కొడుకును దాటుకుని లోపలికి వచ్చింది.

విజయదుర్గ లేచి నిలబడింది. అత్త ఏమన్నా పడటానికే సిద్ధపడి ఉంది.

"ఈ పిల్ల నా కోడలు," అంది వరలక్ష్మమ్మ ఆఫీసరుతో. "జామీను నేను పెడతా. యాడ పెట్టాలో చూపించు. కానీ నాయనా, మీరు రాసింది సగమే."

ఆఫీసరు తల ఎత్తాడు.

"ఆ బారుకు పేరు ఈమెది. సీసాలు తెచ్చింది, అమ్మించింది, పనివాళ్ళకు అబద్ధం చెప్పి కూర్చోబెట్టింది నా కొడుకు. నా ముందరే చెప్పినాడు, అన్నం తింటా. ఆ పొద్దు ఈ పిల్ల అడుగుతుంటే నేనే నోరు మూయించినా. వాడి పేరు కూడా రాసుకో."

"అమ్మా," అన్నాడు బాలాజీ గడప దగ్గరనుంచి.

ఆమె అటు తిరగలేదు. దేవకమ్మ జరిగి చోటిస్తే బల్ల మీద కూర్చుని, ఊపిరి తీసుకుంది.

"మీ అబ్బాయి పేరు?"

"బాలాజీ."

"తండ్రి పేరు?"

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన నాటినుంచి విజయదుర్గ తన మామ పేరు అత్త నోట ఒక్కసారీ వినలేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ 'ఆయన', పోయాక 'పెద్దాయన'. రేషన్ కార్డు దగ్గరైనా, ఆస్పత్రిలోనైనా ఎవరైనా ఆ పేరు అడిగితే ఆమె పక్కనున్నవాళ్ళ వైపు చూసేది, వాళ్ళు చెప్పేవాళ్ళు. అలవాటుగా విజయదుర్గ తాను చెబుదామని నోరు తెరిచింది.

వరలక్ష్మమ్మ చెయ్యి ఎత్తి ఆమెను ఆపింది.

"బాలసుబ్రహ్మణ్యం," అంది స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా. ఆఫీసరు రాయడం మొదలుపెట్టాక, తప్పు పోకూడదన్నట్టు, అతని పెన్ను వైపే చూస్తూ మళ్ళీ ఒకసారి మెల్లగా చెప్పింది.